న్యాయవాద వృత్తి — ప్రకాశముగారి మార్గము

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు వకీళ్లు కాజాలరని మన గుమ్మిడిపూండి ప్రాంతమున కొందఱు తలిదండ్రులు శంకింతురు. ఈ శంకను తీర్చుటకై ఆ వృత్తిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

స్వతంత్రముగ పనిచేయు న్యాయవాదికి నెలజీతము లేదు. కక్షిదారు లిచ్చు ఫీజే ఆధారము. పట్టము చేతికి వచ్చినంతనే కక్షిదారులు రారు. తొలుత కొన్ని యేండ్లు అనుభవజ్ఞుడైన న్యాయవాది యొద్ద చేరి, కాగితములు చదువుట, దావాలు వ్రాయుట, వాయిదాలకు హాజరగుట నేర్వవలెను.

ఒక రైతు పొలము గట్టు తగవుతో వచ్చెననుకొందము. న్యాయవాది మొదట అతడు చెప్పునదంతయు ఓపికతో వినును. పిదప దస్తావేజులను, పట్టాను, కొలతలను పరిశీలించి, కక్షిదారునకు ప్రతికూలమైన అంశము లేవో ముందుగానే గుర్తించును. రాజీకి వీలున్నచో ఆ సలహాయే యిచ్చును. లేనిచో వకాలతు పుచ్చుకొని దావా వేయును, సాక్షులను ప్రశ్నించును, తుదకు వాదించును. కోర్టులో వినబడు వాదము కొంతసేపే. దానివెనుక నున్న శ్రమ పెక్కుదినములది. కక్షిదారుని రహస్యమును బయలుపఱుపరాదు. గెలిచిన ఆస్తిలో భాగము ఫీజుగా కోరరాదు.

ఈ వృత్తిలో పేరొందిన తెలుగువారిలో టంగుటూరి ప్రకాశముగారు ముఖ్యులు. వీరు 1872లో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పోషించిరి. హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు చదువునకు తోడ్పడిరి. రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమున మంచి పేరు గడించినను, ఆ పట్టముతో హైకోర్టులో వాదించు అర్హత లేకపోయెను. అందుచే 1904లో ఇంగ్లండునకేగి, బారిష్టరై 1907లో మరలివచ్చి, మద్రాసు హైకోర్టులో వృత్తి సాగించిరి. ఆ కాలమున అచట ముందువరుస న్యాయవాదులలో పెక్కురు ఆంగ్లేయులు, తమిళులు. వారినడుమ ప్రకాశముగారు సివిలు, క్రిమినలు వ్యాజ్యములు రెంటను రాణించి విశేషధన మార్జించిరి; లా టైమ్స్ అను న్యాయపత్రికను నడపిరి. 1921లో సహాయనిరాకరణోద్యమమున చేరి, అంతటి వృత్తిని విడిచిపెట్టిరి.

ప్లీడరు, బారిష్టరు అను భేదములు నేడు లేవు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము వలన న్యాయవాదులందఱు అడ్వకేట్లే. పండ్రెండవ తరగతి పిమ్మట ఐదేండ్లుగాని, డిగ్రీ పిమ్మట మూడేండ్లుగాని న్యాయశాస్త్రము చదివి, రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, అఖిలభారత బార్ పరీక్షయందు కృతార్థులు కావలెను.

ఇక భాష మాట. మన రైతు తన గోడు తెలుగున చెప్పుకొనును. తాలూకా కచేరి కాగితములు తమిళమున నుండును. హైకోర్టు వ్యవహారము ఆంగ్లమున జరుగును. ఈ మూడును తెలిసినవాడే ఆ రైతు మాటను చెడకుండ న్యాయమూర్తి యెదుట నిలుపగలడు. కావున తెలుగు మనకు అడ్డు కాదు. తక్కిన రెండింటిని నేర్వకుండుటయే అడ్డు. విద్యార్థులారా, తెలుగు విడువకుడు. తమిళాంగ్లములను నిర్లక్ష్యము చేయకుడు. మన యూరివారు తమ భాషలో చెప్పుకొనదగిన వకీలు మీలోనుండియే రావలెనని మా కోరిక.