ముప్ఫై అయిదో ఏటి గడప: సంసారంలో ఉండి నర్సింగ్ చదవడం

నర్సింగ్ విద్యకు దేశమంతటా ప్రమాణాలు నిర్ణయించే భారత నర్సింగ్ కౌన్సిల్, తన బీఎస్సీ నర్సింగ్ నిబంధనల్లో వివాహితులకు కూడా ప్రవేశార్హత ఉందని ప్రత్యేకంగా పేర్కొంది. వైద్య విద్యకో ఇంజినీరింగుకో అవసరం కాని ఈ స్పష్టీకరణ నర్సింగుకు అవసరం కావడానికి కారణం, ఒకప్పుడు నర్సు అంటే పెళ్లికాని యువతి లేదా వితంతువు అన్న భావన శిక్షణాలయాలలో పాతుకుపోయి ఉండడమే. పెళ్లి అడ్డంకి కాదని చెప్పిన ఆ నిబంధనలే, పక్కనే ఇంకొక గీత కూడా గీశాయి: ప్రవేశం నాటికి అభ్యర్థి వయసు ముప్ఫై అయిదేళ్లు మించకూడదు. పెళ్లయి, పిల్లలు కాస్త పెద్దవారై, ఇంటి బరువు కొంత తేలికపడ్డాక మళ్లీ పుస్తకం పట్టాలనుకునే స్త్రీకి ఈ రెండు నియమాలలో మొదటిది తలుపు తీస్తే రెండవది చాలా సందర్భాల్లో మూసేస్తుంది. వికారాబాదు, తాండూరు వంటి ప్రాంతాలలో ఈ గీత ఎవరిని లోపల ఉంచుతుందో, ఎవరిని బయట నిలబెడుతుందో తెలుసుకోవాలంటే ముందు కోర్సుల తీరు తెలియాలి.

మన దేశంలో నర్సింగులో ప్రవేశానికి మూడు దారులున్నాయి. మొదటిది ఏఎన్ఎం, అంటే గ్రామ ఉపకేంద్రంలో టీకాలు వేసి, గర్భిణులను పరీక్షించి, కాన్పుల లెక్క చూసే సహాయక నర్సు శిక్షణ. ఇది రెండేళ్ల కోర్సు, ఇంటర్మీడియట్ ఏ గ్రూపుతో చదివినా చాలు. రెండవది జీఎన్ఎం, ఆసుపత్రి వార్డులో రోగి బాధ్యత వహించే నర్సును, మంత్రసానిని ఒకే శిక్షణలో తయారుచేసే మూడేళ్ల డిప్లొమా. దీనికి ఇంటర్‌లో మొత్తం మీద నలభై శాతం మార్కులు, ఇంగ్లీషులో కూడా నలభై శాతం కావాలి. మూడవదైన బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల పట్టా. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు చదివి ఉండాలి కనుక, పైగా తెలంగాణలో కన్వీనర్ కోటా సీటుకు ప్రవేశ పరీక్ష ర్యాంకు చూస్తున్నారు కనుక, పన్నెండు పదమూడేళ్ల క్రితం చదువు ఆపేసిన గృహిణి అప్పుడే ఇంటర్ ముగించి, ఏడాదంతా కోచింగ్ తీసుకున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయితో పోటీ పడవలసి వస్తుంది. ఈ దారి ఆమెకు పేరుకే తెరిచి ఉంది.

అయితే నిబంధనల్లో అంతగా ప్రచారం పొందని మినహాయింపు ఒకటి ఉంది. మూడు కోర్సులకూ గరిష్ఠ వయసు ముప్ఫై అయిదే అయినా, ఏఎన్ఎం పూర్తి చేసినవారు జీఎన్ఎంలో చేరదలిస్తే వారికి వయఃపరిమితి వర్తించదు. జీఎన్ఎం తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సు చేస్తే బీఎస్సీ పట్టా కూడా అందుతుంది. అంటే ముప్ఫై నాలుగేళ్లకు ఏఎన్ఎంలో చేరిన స్త్రీ, నలభై దాటాక కూడా మెట్టు మీద మెట్టుగా పైకి వెళ్లగలదు. ముప్ఫై ఆరేళ్లకు కళ్లు తెరిచిన స్త్రీకి మాత్రం మొదటి మెట్టే అందదు. ఇంట్లో పిల్లవాడు ఒకటో తరగతికి వచ్చే దాకా ఆగుదామా, అయిదో తరగతికి వచ్చే దాకానా అని తర్జనభర్జన పడే కుటుంబాలకు ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే నిర్ణయం వేరుగా ఉంటుంది.

2016 అక్టోబరు 11న ప్రధానంగా రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి ఏర్పడిన వికారాబాదు జిల్లా, హైదరాబాదుకు డెబ్బై కిలోమీటర్ల చేరువలో ఉండి కూడా నగరం నీడ పడని నేల. అనంతగిరి కొండల అవతల, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న తాండూరు నాపరాళ్లకు, కందికి పేరుపడింది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు వెనుకా, బండల పాలిషింగ్ యూనిట్ల వెనుకా పదో తరగతితోనో అంతకు ముందో బడి మానిన స్త్రీల కూలి శ్రమ ఉంది. అటువంటి స్త్రీ పద్దెనిమిదేళ్లకు నర్సింగ్ గురించి ఆలోచించదు, ఆలోచించినా ఇంట్లో వినరు. మొదటి కాన్పుకు దవాఖానకు వెళ్లినప్పుడో, బిడ్డకు సూది వేయించడానికి ఉపకేంద్రం ముందు కూర్చున్నప్పుడో, అక్కడి సిస్టర్ చేసే పని తానూ చేయగలనన్న తలంపు పుడుతుంది. ఆ తలంపు గట్టిపడేసరికి వయసు ముప్ఫైకి దగ్గరవుతుంది. సౌకర్యాలు లేవని అనడానికీ ఇప్పుడు వీలు తగ్గింది. జిల్లా ఆసుపత్రి తాండూరులో ఉంది. వికారాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. అదే జిల్లాలోని కొడంగల్‌కు సంబంధించి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగిన పనుల్లో నర్సింగ్ కళాశాల కూడా ఉంది.

ఇంటర్ లేనివారికి తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్, ఇంటి దగ్గర చదువుకొని పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసే అవకాశం ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూల్ ఇంటర్‌ను నర్సింగ్ కౌన్సిల్ అంగీకరిస్తుంది గాని, నర్సింగును మాత్రం దూరవిద్యలో చదవడానికి ఒప్పుకోదు. ఆరు నెలల్లో ఇంటి నుంచే నర్సు అవ్వవచ్చని గోడల మీద కనిపించే ప్రకటనల్లోని కోర్సులకు ప్రభుత్వ నియామకాల్లో విలువ ఉండదు. ఇక్కడ ఇంకొక చిక్కు కూడా ఉంది. వయసు లెక్కకు ప్రమాణం పదో తరగతి మెమోలోని పుట్టిన తేదీ. బడిలో చేర్చిన రోజున పంతులుగారు అందాజాగా వేసిన జూన్ నెల తేదీ అసలు వయసుకు ఏడాది రెండేళ్లు అటో ఇటో ఉండడం పల్లెల్లో మామూలు కనుక, తనకు ముప్ఫై మూడేళ్లే అనుకునే స్త్రీ కాగితం మీద ముప్ఫై అయిదు దాటి ఉండవచ్చు.

చదువు ఆగిన పెద్దవయసు స్త్రీకి సేవావృత్తులలో చోటు కల్పించడం తెలుగువారికి కొత్త ఆలోచన కాదు. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదో ఏట పెళ్లయి, ఆ పెళ్లి నుంచి తానే బయటికి వచ్చి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన దుర్గాబాయి, ఇరవై ఏళ్లు దాటాక బెనారసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. అదే బెనారసు పరీక్షకు స్త్రీలను తయారుచేయడం నుంచి 1937 నాటి ఆంధ్ర మహిళా సభ ఎదిగింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన తరువాత ఆమె ఎదుర్కొన్న సమస్య విచిత్రమైనది: గ్రామాలకు నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావాలి, పట్నం అమ్మాయిలు పల్లెకు రారు, పల్లెలోనే ఉండే స్త్రీలకు కనీస చదువు లేదు. ఆ ముడి విప్పడానికే 1958లో మండలి సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. అంటే పదేళ్ల బడి చదువును పెద్దవారి గ్రహణశక్తికి తగినట్లు రెండేళ్లకు కుదించి, పరీక్షకు కూర్చోబెట్టి, ఆపైన వృత్తి శిక్షణకు పంపే పద్ధతి. ముప్ఫై ఏళ్ల తల్లి పన్నెండేళ్ల పిల్ల చదివినంత నెమ్మదిగా చదవనక్కరలేదని, ఆమెకు కావలసింది తెలివి కాదు తీరిక అని గుర్తించిన ఈ పథకం, ఆ తరువాత వచ్చిన చాలా అక్షరాస్యతా కార్యక్రమాల కంటే వాస్తవానికి దగ్గరగా ఉంది.

చేరిన తరువాతి కష్టం వేరు. నర్సింగ్ సగం తరగతి గదిలో, సగం మంచం పక్కన నేర్చుకునే విద్య. వార్డులో చేసే ఈ సాధనను క్లినికల్ పోస్టింగ్ అంటారు. బీఎస్సీలో తరగతులకు ఎనభై శాతం హాజరు చాలు, కాని పట్టా అందేనాటికి క్లినికల్ గంటలు నూటికి నూరు శాతం పూర్తికావాలి. బిడ్డకు జ్వరమొచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఆ నాలుగు రోజుల డ్యూటీ మాఫీ కాదు, తరువాత చేసి తీర్చాలి. రోగి ప్రాణంతో ముడిపడిన పని కనుక ఈ నియమాన్ని తప్పుపట్టలేము. తప్పుపట్టవలసింది ఆ గంటలలో బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నను పూర్తిగా ఆమె అత్తగారికో తల్లిగారింటికో వదిలేయడాన్ని. రాత్రి డ్యూటీ, తెల్లవారుజామున తాండూరు నుంచి వికారాబాదుకు నలభై కిలోమీటర్ల ప్రయాణం, హాస్టల్‌లోనే ఉండాలన్న కొన్ని కళాశాలల పట్టు, ఇవన్నీ పద్దెనిమిదేళ్ల విద్యార్థినిని దృష్టిలో ఉంచుకొని ఏర్పడ్డవి. 1874 నుంచి నడుస్తున్న వాడి–సికింద్రాబాదు రైలు మార్గం మీద ఈ రెండు ఊళ్లూ ఉండడం ఒక్కటే కొంత ఊరట.

దీనికి తోడు భాష. శరీరనిర్మాణ శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, మందుల మోతాదు లెక్కలు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక తెలుగు మాధ్యమంలో పదిహేనేళ్ల కిందట చదివిన స్త్రీకి తొలి ఆరు నెలలు గండం. రోగితో మాట్లాడేటప్పుడు లెక్క తిరగబడుతుంది: తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసిన తాండూరు వాడుకలో మాట్లాడి, కాన్పు నొప్పులు తెలిసి, ఇంటి ఖర్చు లెక్క తెలిసిన స్త్రీ మాట బాలింత వింటుంది.

సరిహద్దు మరికొన్ని చిక్కులు తెస్తుంది. తాండూరు వైపు నుంచి కలబురగి కళాశాలకు వెళ్లి చదివినవారు కర్ణాటకలో రిజిస్టరవుతారు కనుక, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగానికి తమ రిజిస్ట్రేషన్‌ను తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌కు మార్చుకోవాలి. స్థానికత వేరే సంగతి: 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. కనుక కలబురగిలో నర్సింగ్ చదివిన తాండూరు ఆడపడుచు స్థానికురాలిగానే ఉంటుంది గాని, కర్ణాటకలోని సేడంలోనో చించోలిలోనో బడి చదువు చదివి తాండూరుకు కోడలిగా వచ్చిన స్త్రీ ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా స్థానికేతరురాలవుతుంది; తొంభై అయిదు శాతం పోస్టులు స్థానికులకే కేటాయించిన పద్ధతిలో ఇది చిన్న విషయం కాదు.

చదువు ముగించినవారికి ఉద్యోగం వైపు వయసు అంత పెద్ద అడ్డంకి కాదు. 2022 డిసెంబరులో తెలంగాణ వైద్యారోగ్య సేవల నియామక మండలి ఇచ్చిన స్టాఫ్ నర్సు ప్రకటనలో గరిష్ఠ వయసు నలభై నాలుగేళ్లు; ఆ నియామకాల్లో ఎంపికైన 6,956 మందికి 2024 జనవరి 31న హైదరాబాదులో ఉత్తర్వులు అందాయి. అదే ఏడాది సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు వెలువడిన ప్రకటనలో పరిమితి నలభై ఆరుకు పెరిగింది. రాతపరీక్షకు ఎనభై మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు సేవకు ఇరవై మార్కులు ఇచ్చే ఈ పద్ధతి, ఆలస్యంగా వచ్చి ఓర్పుగా పనిచేసినవారికి కొంత అనుకూలమే.

అంటే నలభై ఆరేళ్ల వయసులో తొలిసారి ఉద్యోగంలో చేరడానికి పనికివచ్చే స్త్రీ, ముప్ఫై ఆరేళ్ల వయసులో శిక్షణ మొదలుపెట్టడానికి పనికిరాదు. ఈ పొంతన లేనితనం అన్నిటికంటే బాహాటంగా కనిపించేది ఆశా కార్యకర్తల విషయంలో. 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊరికే చెందిన, పెళ్లయిన లేదా ఒంటరి అయిన, ఇరవై అయిదు నుంచి నలభై అయిదేళ్ల లోపు స్త్రీలనే ఆశలుగా ఎంపిక చేస్తారు. వారికి నర్సింగ్ పాఠశాలల్లో ప్రాధాన్యం ఇవ్వాలని రాష్ట్రాలకు కేంద్రం సూచించింది, కొన్ని రాష్ట్రాలు సీట్లు కేటాయించాయి కూడా. అయినా పదేళ్ల పాటు గర్భిణుల వెంట, పసిబిడ్డల వెంట తిరిగి అనుభవం గడించిన ఆశ చేరడానికి సిద్ధపడే నాటికి, ఆమె వయసే ఆమెను అనర్హురాలిని చేస్తుంది. బ్రిటన్‌లో నర్సింగ్ పట్టాకు గరిష్ఠ వయసు లేదు. 2020 నుంచి ఇంగ్లండులో నర్సింగ్ విద్యార్థులకు ఏటా 5,000 పౌండ్ల భృతి, పిల్లలున్నవారికి అదనపు సాయం కూడా ఇస్తున్నారు. అమెరికాలో వేరే పట్టా ఉన్న పెద్దలకు ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ ముగించే వేగవంతమైన కోర్సులున్నాయి. పోనీ ఆ ఖర్చు మనం భరించలేమన్నా, వయసు గీతను ఆశలకు, అంగన్‌వాడీ సిబ్బందికి సడలించడానికి ఒక్క రూపాయి అక్కరలేదు. జీఎన్ఎంలో ఏఎన్ఎంలకు ఇచ్చిన మినహాయింపునే ఏఎన్ఎంలో ఆశలకు ఇస్తే సరిపోతుంది.

ఆ సడలింపు వచ్చే దాకా, ముప్ఫై దాటిన స్త్రీ ఉన్న ఇళ్లు ఆలస్యం చేయకూడదు. పదో తరగతి మెమోలోని తేదీ చూసుకొని, చేరబోయే సంస్థకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో విచారించి, ఫీజు కట్టే ముందే క్లినికల్ సాధన ఏ ఆసుపత్రిలో జరుగుతుందో, బిడ్డను ఎవరు చూసుకుంటారో తేల్చుకోవాలి. ఏఎన్ఎం ప్రవేశాలు ఏడాదికి ఒక్కసారే జరుగుతాయి.