చెవి పలికెడు నాదము

పుట్టి రెండు దినములైన శిశువునకు చెవులు వినబడుచున్నవో లేదో తెలిసికొనుట చిరకాలము దుస్సాధ్యముగా నుండెను. పెద్దలు ధ్వని వినబడినంతనే చెప్పగలరు, పసికందు చెప్పజాలదు. చప్పట్లు చరచి చూతమన్నచో, వినికిడి లేని బిడ్డయు చేతుల కదలికను చూచి యులికిపడవచ్చును. మాటలు రాలేదేమని తల్లిదండ్రులు శంకించి వైద్యునొద్దకు వచ్చునప్పటికి రెండు మూడేండ్లు గడచి, భాష పట్టువడుటకు మిక్కిలి యనువైన కాలము చేజారెడిది. ఈ కొరతను తీర్చిన ఓ.ఎ.ఇ. యంత్రము, చెవి తనంతట వెలువరించు సూక్ష్మధ్వనిని ఆలకించి దాని యారోగ్యమును తెలుపును.

చెవి ధ్వనిని వెలువరించుననుట ఒకప్పుడు శాస్త్రజ్ఞులకే నమ్మశక్యము కాలేదు. బుడాపెస్టులోని టెలిఫోను పరిశోధనాలయమున పనిచేసిన గేయార్గ్ వాన్ బెకెషి, మృతదేహముల చెవులను పరీక్షించి, శబ్దతరంగము లోపలిచెవియందలి కర్ణావర్తము (కాక్లియా)లోని త్వచము వెంబడి సాగు తీరును కన్నులార చూచెను. అందులకు 1961లో నోబెల్ బహుమానమును బడసెను. అయితే మృతకర్ణమున గోచరించిన చలనము, సజీవకర్ణమునకు గల సునిశిత స్వరభేదజ్ఞానమును వివరించుటకు చాలినది కాదు. కేంబ్రిడ్జిలోని యువశాస్త్రజ్ఞుడు థామస్ గోల్డ్ 1948లోనే ఈ చిక్కును గుర్తించి, ద్రవముతో నిండిన కర్ణావర్తమున కంపనములు వెంటనే అణగిపోవలసియుండగా అణగుట లేదన్నచో, ఊగెడు ఊయలను అదనెరిగి త్రోయు చేయివలె ఏదో జీవశక్తి వానికి ఊతమిచ్చుచుండవలెననియు, ఆ ఊత మితిమీరినపుడు చెవియే ధ్వనింపవలెననియు వాదించెను. ఆ వాదమును శాస్త్రలోకము సుమారు ముప్పది యేండ్లు పట్టించుకొనలేదు.

1977లో లండనులోని రాయల్ నేషనల్ థ్రోట్, నోస్ అండ్ ఇయర్ హాస్పిటల్‌నందు డేవిడ్ కెంప్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, చెవి కాలువలో చిన్న మైక్రోఫోనును బిగించి, టిక్కుమను క్షణికధ్వనులను లోనికి పంపెను. ఆ టిక్కులు సమసిన పిమ్మట, కొన్ని మిల్లీసెకన్లు జాగు చేసి, మరియొక సన్నని ధ్వని వెనుకకు వచ్చెను. అది కేవలము ప్రతిధ్వనియే యైనచో, పంపిన ధ్వనిని పెంచినకొలది తానును అదే పాళమున పెరుగవలెను, అట్లు పెరుగలేదు. కర్ణావర్తము చెడి వినికిడి కోల్పోయిన చెవులలో అది బొత్తిగా లేకపోయెను. 1978లో ప్రకటితమైన ఈ ఫలితముతో గోల్డ్ వాదమునకు ప్రాణము వచ్చెను.

ఆ ఊతమునిచ్చు చేయి యేదో తరువాత తేలినది. మానవుని ఒక్కొక్క కర్ణావర్తమున మూడు వరుసలుగా సుమారు 12,000 బాహ్యరోమకణములు గలవు. విద్యుత్ప్రేరణ కలిగినపుడు ఈ కణములు పొట్టివడుచు, సాగుచు నుండునని విలియం బ్రౌనెల్ బృందము 1985లో ప్రకటించెను. ఆ చలనమునకు మూలమైన ప్రెస్టిన్ అను ప్రోటీనును 2000లో పీటర్ డాలోస్ పరిశోధకబృందము గుర్తించెను. ఈ కణముల చలనములో కొంతభాగము ఎదురుదారిని మధ్యకర్ణపు చిట్టెముకలను దాటి వచ్చి, కర్ణభేరిని కదలించి, వెలుపలికి నాదమై వచ్చుచున్నది.

పరీక్షావిధానము సుకుమారమైనది. పాలు త్రాగి నిదురించు బిడ్డ చెవిలో, మెత్తని రబ్బరు తొడుగు గల చిన్నగొట్టమును ఇముడ్చుదురు. అందులో ధ్వని పుట్టించు సాధనమును, మైక్రోఫోనును రెండును గలవు. వందలకొలది టిక్కులకు వచ్చిన ప్రత్యుత్తరములను యంత్రము రెండు రాసులుగా విడదీసి, సగటు కట్టి, ఒకదానితో నొకటి పోల్చును. రెంటను సమానముగా నున్నది చెవి నాదము, భేదించునది గదిలోని రొద. మరియొక పద్ధతిలో రెండు స్వరములను ఒక్కమారుగా పంపుదురు. 1000, 1200 హెర్ట్జుల స్వరములను వినిపించినచో, ఆరోగ్యవంతమైన చెవి తానుగా 800 హెర్ట్జుల మూడవ స్వరమును పలుకును.

ఈ యంత్రమునకు హద్దులును గలవు. చెవి కాలువలో పుట్టుజిడ్డు నిలిచినను, మధ్యకర్ణమున నీరు చేరినను నాదము వెలుపలికి రాదు. కావున ఒక్కమారు ఉత్తరము రానంతమాత్రమున బిడ్డ చెవిటిదని భీతిల్లరాదు, పరీక్షను మరల చేయింపవలెను. రోమకణములు బాగుండి శ్రవణనాడి చెడినచో నాదము వచ్చును గాని బిడ్డకు మాట తెలియదు. అట్టిచోట నాడీసంకేతములను కొలుచు బేరా పరీక్షయే శరణ్యము.

మన దేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము, శిశువులలో గుర్తింపవలసిన లోపములయందు పుట్టుచెవుడును చేర్చినది. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలకు నిర్ధారణ, ఆరవ నెలకు చికిత్సారంభము అను క్రమము పలుదేశముల వైద్యులు అనుసరించునది. సూదిపోటు లేదు, మత్తు అక్కరలేదు, కాలము కొలది నిమిషములు మాత్రమే. కావున ప్రసూతిగృహమును విడుచుటకు ముందే ఈ పరీక్షను చేయింపుడని ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు వైద్యుని అడుగవలెను. అడుగకమునుపే చేయుట వైద్యాలయముల ధర్మము.