టీవీ, రేడియోల్లో ఉద్యోగం కావాలా? ఇంటర్న్‌షిప్‌తో మొదలుపెట్టండి

జర్నలిజం డిగ్రీ చేతికొచ్చినా ఛానల్‌లో ఉద్యోగం రాలేదని చాలామంది పిల్లలు దిగులు పడుతుంటారు. ఇంటర్వ్యూలో మార్కుల కంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఇప్పటిదాకా ఏం పని చేశావు?" దానికి జవాబు ఇంటర్న్‌షిప్‌లోనే తయారవుతుంది.

బైట్ తీసుకురావడం, బులెటిన్ టైమ్‌కి స్క్రిప్ట్ అందించడం, 30 సెకన్ల వార్తకు 30 సెకన్లలోనే వాయిస్ ఓవర్ చెప్పడం.. ఇవన్నీ పుస్తకం చదివితే రావు. చేస్తేనే వస్తాయి.

మన పిల్లలకు ఇంకో బలం ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పాతబస్తీలో ఉర్దూలో మాట్లాడించి, ఆఫీసుకొచ్చి తెలుగులో వార్త రాయగలరు. హైదరాబాద్ ఆకాశవాణిలో ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్' ఉంది. దూరదర్శన్‌కు 2006 నుంచి డీడీ ఉర్దూ ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ కోర్సు ఉంది. మొదట మైక్ భయం పోవాలంటే కమ్యూనిటీ రేడియో మంచి బడి.

తల్లిదండ్రులు కొన్ని విషయాలు ముందే అడిగి తెలుసుకోవాలి. పని నేర్పేదెవరు? నైట్ షిఫ్ట్ ఉంటుందా? ఇంటికి చేర్చే బండి ఉందా? స్టైపెండ్ ఎంత? ఎదురు డబ్బు కట్టమంటే జాగ్రత్త. పదిమంది, అంతకుమించి పనిచేసే ఆఫీసులో మహిళల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ట్రైనీలకూ అది వర్తిస్తుంది.

చివరి రోజు సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. ఆఫీసు అనుమతితో తాము చేసిన స్టోరీల కాపీలు కూడా తెచ్చుకోవాలి. రేపు ఉద్యోగం అడిగేటప్పుడు మాట్లాడేవి అవే.