నంబరు ప్లేటును చదివేది కెమెరా... సరిచూడవలసింది పోలీసు అధికారి

ప్రత్యేక వ్యాసం

రహదారిపై ప్రయాణించే ప్రతి మోటారు వాహనానికీ దాని రిజిస్ట్రేషన్ నంబరు చిరునామా వంటిది. ప్రమాదం జరిగినా, వాహనం చోరీకి గురైనా, నేరస్థులు అందులో పారిపోయినా దర్యాప్తు మొదలయ్యేది ఆ నంబరుతోనే. ఒకప్పుడు కూడలిలో నిలబడిన కానిస్టేబులు ఆ నంబరును కాగితంపై రాసుకొని, వైర్‌లెస్ సెట్టులో చదివి, కంట్రోల్ రూమ్ నుండి సమాధానం వచ్చే వరకు వేచి ఉండవలసి వచ్చేది. నేడు అదే పనిని కెమెరా, కంప్యూటరు కలిసి రెప్పపాటు కాలంలో పూర్తి చేస్తున్నాయి. ఈ విధానాన్నే స్వయంచాలిత నంబరు ప్లేటు గుర్తింపు విధానమని, పొడి అక్షరాలలో ఏ.ఎన్.పి.ఆర్. అని వ్యవహరిస్తారు.

హైదరాబాద్ వంటి మహానగరంలో నిత్యం లక్షలాది వాహనాలు సంచరిస్తూ ఉంటాయి. ఒక్కొక్క వాహనాన్ని ఆపి తనిఖీ చేయడం ఏ పోలీసు శాఖకూ సాధ్యమయ్యే పని కాదు. అందుచేతనే హైదరాబాద్ నగర పోలీసులతో పాటు దేశంలోని పలు నగరాల పోలీసు శాఖలు ఈ కెమెరాలను వినియోగంలోకి తెచ్చాయి. అయితే కెమెరా ఇచ్చేది ఒక సూచన మాత్రమే. దానిని నిర్ధారించి ముందుకు సాగవలసినదీ, పొరపాటైతే గుర్తించి పక్కన పెట్టవలసినదీ విధి నిర్వహణలో ఉన్న అధికారి. ఈ తేడాను విస్మరించిన చోట నిరపరాధులు తీవ్రమైన ఇబ్బందులకు గురైన ఉదంతాలు ఉన్నాయి. ఈ కారణంగా ఈ విధానం పనితీరును, దానికి సంబంధించిన చట్టాన్ని, పాటించవలసిన జాగ్రత్తలను తెలుసుకోవడం అధికారులకు, పాత్రికేయులకు ఎంతో అవసరం.

నాలుగున్నర దశాబ్దాలకు పైబడిన చరిత్ర

ఈ విధానాన్ని 1976లో బ్రిటన్‌లోని పోలీసు శాస్త్రీయ పరిశోధన విభాగం రూపొందించింది. చోరీకి గురైన కారును ఈ కెమెరా ద్వారా గుర్తించి నిందితుని అరెస్టు చేసిన తొలి సంఘటన 1981లో అక్కడే జరిగింది. మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం, ఆ వెంట 2021లో వెలువడిన నియమాలు రహదారులపై ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు స్పష్టమైన చట్టబద్ధత కల్పించాయి. హైదరాబాద్‌లోని బంజారాహిల్స్‌లో నిర్మించిన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది. నగరంలోని నిఘా కెమెరాల దృశ్యాలను ఒకే చోట నుండి పర్యవేక్షించే అవకాశం దీని వలన ఏర్పడింది.

పనిచేసే తీరు

కెమెరా ముందుగా వాహనం ఛాయాచిత్రాన్ని తీస్తుంది. రాత్రి వేళ కూడా అక్షరాలు స్పష్టంగా కనిపించేందుకు కంటికి కనిపించని పరారుణ కాంతిని ప్లేటుపై ప్రసరింపజేస్తుంది. కంప్యూటరు ఆ చిత్రంలో నంబరు ప్లేటు ఎక్కడ ఉన్నదో గుర్తించి, అక్షరాలను, అంకెలను విడదీసి చదువుతుంది. ఆ విధంగా చదివిన నంబరుకు తేదీ, సమయం, ప్రదేశం జోడించి, తన వద్ద ఉన్న జాబితాతో పోల్చి చూస్తుంది. చోరీకి గురైన వాహనాలు, కేసులలో వెతుకుతున్న వాహనాలు ఆ జాబితాలో ఉంటాయి. నంబరు సరిపోలితే సిబ్బందికి హెచ్చరిక అందుతుంది. సరిపోలకపోయినా ఆ వాహనం ఫలానా సమయానికి ఫలానా చోట ఉన్నదనే వివరం నమోదవుతుంది. ఈ రెండవ అంశం సాధారణంగా చర్చకు రాదు. కానీ పౌరుల హక్కుల దృష్ట్యా అత్యంత ముఖ్యమైనది ఇదే.

కెమెరా సక్రమంగా చదవాలంటే ప్లేటు కూడా సక్రమంగా ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరును ఆంగ్ల అక్షరాలలో, అంతర్జాతీయ అంకెలలో రాయాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తున్నది. కారు ప్లేటుపై అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు ఉండాలి. 2019 ఏప్రిల్ 1 నుండి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. క్రోమియం హోలోగ్రాం, లేజరుతో చెక్కిన శాశ్వత గుర్తింపు సంఖ్య, ఒకసారి బిగిస్తే విరగగొట్టనిదే ఊడిరాని తాళం వీటి ప్రత్యేకతలు. సున్నాను ఓ అక్షరంగా, ఎనిమిదిని బి అక్షరంగా, అయిదును ఎస్ అక్షరంగా కంప్యూటరు పొరబడే అవకాశం ఎల్లప్పుడూ ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలలో మరొక ప్రత్యేక పరిస్థితి నెలకొని ఉన్నది. 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన వాహనాలపై ఏపీ అనీ, ఆ తరువాత తెలంగాణలో రిజిస్టరైన వాటిపై టీఎస్ అనీ, 2024 మార్చి నుండి టీజీ అనీ కోడ్లు ఉన్నాయి. 2021లో ప్రవేశపెట్టిన బీహెచ్ శ్రేణిలో మొదట సంవత్సరం అంకెలు వస్తాయి. ఈ నాలుగు రకాల ప్లేట్లూ హైదరాబాద్ రహదారులపై పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటి రెండు అక్షరాలను తప్పుగా చదివితే, మిగిలినవన్నీ సరిపోయినా అది మరొకరి వాహనం అవుతుంది.

చట్టం ఏమి చెబుతున్నది

మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 136-ఎ సెక్షన్ జాతీయ, రాష్ట్ర రహదారులపైనా, నగరాలలోనూ ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ చేపట్టే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించింది. దీనికి అనుబంధంగా 2021 ఆగస్టులో కేంద్ర నియమావళిలో 167-ఎ నియమం చేరింది. వేగాన్ని కొలిచే కెమెరాలు, సిబ్బంది దుస్తులకు అమర్చుకొనే కెమెరాలతో పాటు నంబరు ప్లేటును చదివే కెమెరాలను కూడా ఈ నియమం స్పష్టంగా పేర్కొన్నది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ సహా దేశంలోని 132 నగరాలు దీని పట్టికలో చోటు చేసుకున్నాయి. ఈ నిబంధనల అమలుకు చర్యలు చేపట్టాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

పోలీసులకు అధికారాన్ని కల్పించిన ఈ నియమమే వారిపై బాధ్యతలనూ ఉంచింది. ప్రతి పరికరమూ కచ్చితంగా పనిచేస్తున్నదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ ధ్రువపత్రాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. పర్యవేక్షణ ఉన్న మార్గంలో ముందుగానే హెచ్చరిక బోర్డులు పెట్టాలి. చలానుతో పాటు ఉల్లంఘన, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఛాయాచిత్రం, తేదీ, సమయం, ప్రదేశం, వర్తించే చట్ట నిబంధన, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువీకరణ ఉండాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలని 2021 నియమం పేర్కొన్నది. చలాను పరిష్కారమయ్యే వరకు ఆ రికార్డును భద్రపరచాలని కూడా సూచించింది.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది

మొదటిది, చదవడంలో పొరపాటు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 2009లో ఒక రాత్రి పోలీసు వాహనంలోని కెమెరా ఒక కారు నంబరులోని 3 అంకెను 7గా చదివింది. ఆ తప్పు నంబరు చోరీకి గురైన ఒక ట్రక్కుది. చిత్రం మసకగా ఉన్నా ప్లేటును కంటితో సరిచూడకుండానే పోలీసులు కారును ఆపి, తుపాకులు ఎక్కుపెట్టి, దానిని నడుపుతున్న మహిళకు బేడీలు వేశారు. కెమెరా హెచ్చరికను మాత్రమే నమ్మి, సరిచూడకుండా ఆ విధంగా ఆపడం సమంజసమా కాదా అన్నది జ్యూరీ తేల్చవలసిన విషయమని 2014లో అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం స్పష్టం చేసింది.

రెండవది, పోల్చడంలో పొరపాటు. కొలరాడో రాష్ట్రంలోని అరోరా నగరంలో 2020 ఆగస్టులో కెమెరా నంబరును సరిగానే చదివింది. కానీ అదే నంబరుతో చోరీకి గురైన వాహనం మోంటానా రాష్ట్రానికి చెందిన మోటారు సైకిలు. పోలీసులు ఆపినది ఒక కుటుంబం ప్రయాణిస్తున్న కారు. ఆరేళ్ల చిన్నారితో సహా నలుగురు బాలికలను వాహనం నుండి దింపి, నేలపై బోర్లా పడుకోబెట్టారు. వారిలో ఇద్దరికి బేడీలు కూడా వేశారు. పోలీసు శాఖ క్షమాపణ చెప్పింది. 2024లో నగర పాలక వ్యవస్థ ఆ కుటుంబానికి 19 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. ఆ పిల్లలు అనుభవించిన భయానికి ఆ మొత్తం సమాధానం కాజాలదు.

మూడవది, జాబితాలోని లోపం. దొరికిన వాహనాన్ని యజమానికి అప్పగించిన తరువాత కూడా దాని నంబరును జాబితా నుండి తొలగించకపోతే, ఆ యజమానే తన సొంత వాహనంలో నిందితుని వలె నిలబడవలసి వస్తుంది.

నాలుగవది, నకిలీ ప్లేటు. ఇది మన నగరాలలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య. ఉదాహరణకు, జిల్లాలో ఉన్న ఒక స్కూటరు యజమానికి తాను ఏనాడూ వెళ్లని నగర కూడలిలో సిగ్నలు దాటినట్లు చలాను వస్తుంది. ఛాయాచిత్రం తెరిచి చూస్తే అందులో ఉన్నది మోటారు సైకిలు. ఎవరో తన నంబరును తగిలించుకొని తిరుగుతున్నారని అప్పుడు గాని అతనికి తెలియదు. నంబరు ప్లేటును వంచడం, ఒక అంకెను చెరపడం, గుడ్డతో కప్పడం వంటి పనులకు పాల్పడిన వారిపై హైదరాబాద్ పోలీసులు మోసం కేసులు నమోదు చేయడానికి ఇటువంటి అనుభవాలే నేపథ్యం.

పైన పేర్కొన్న ఉదంతాలలో ఒక సమానమైన అంశం ఉన్నది. ఒక చోట ట్రక్కు బదులు కారు, మరొక చోట మోటారు సైకిలు బదులు కారు, ఇంకొక చోట స్కూటరు బదులు మోటారు సైకిలు. వాహనం రకాన్ని, రంగును ఒక్కసారి కంటితో చూసి రికార్డుతో పోల్చి ఉంటే పొరపాటు అక్కడికక్కడే బయటపడేది. అందుకు పట్టే సమయం కొన్ని క్షణాలే.

సరిపోలని నంబర్లు ఎంతకాలం

కెమెరా ముందు నుండి వెళ్లే వాహనాలలో అత్యధిక శాతం ఏ తప్పూ చేయనివే. ఆ వివరాలను నెలల తరబడి పోగుచేస్తే, ఒక వ్యక్తి ఏ ఆసుపత్రికి వెళ్లాడు, ఏ సభకు హాజరయ్యాడు, ఏ ఇంటి ముందు ఆగాడు అన్నది తెలిసిపోతుంది. దీనిపై దేశదేశాలు భిన్నమైన నిర్ణయాలు తీసుకున్నాయి. జాబితాతో సరిపోలని నంబర్లను తక్షణమే చెరిపివేయాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2008లో తీర్పునిచ్చింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర చట్టం అందుకు మూడు నిమిషాల గడువు విధించింది. మెయిన్ రాష్ట్రం 21 రోజులు అనుమతించగా, బ్రిటన్ 12 నెలల వరకు భద్రపరుస్తున్నది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కుకు పరిమితి విధించాలంటే చట్టం ఆధారం, సముచితమైన ప్రయోజనం, ఆ ప్రయోజనానికి తగిన మోతాదు అవసరమని వివరించింది. దశలవారీగా అమలులోకి వస్తున్న 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నేర నివారణ, దర్యాప్తు అవసరాలకు పలు మినహాయింపులు ఇచ్చినప్పటికీ, సేకరించిన సమాచారాన్ని భద్రంగా కాపాడే బాధ్యత నుండి మినహాయించలేదు.

అధికారులు పాటించవలసిన జాగ్రత్తలు

హెచ్చరిక అందగానే ప్లేటును కంటితో చదవడం, రాష్ట్ర కోడును, వాహనం రకాన్ని, రంగును రికార్డుతో సరిచూడటం, ఆ నమోదు ఇంకా అమలులో ఉన్నదో లేదో కంట్రోల్ రూమ్ ద్వారా నిర్ధారించుకోవడం తొలి కర్తవ్యం. దొరికిన వాహనాల నంబర్లను అదే రోజు జాబితా నుండి తొలగించాలి. రికార్డులను ఎవరు, ఎప్పుడు, ఏ కేసు నిమిత్తం చూశారన్నది నమోదు కావాలి. సరిపోలని వివరాలను ఎంతకాలం ఉంచాలన్నది లిఖితపూర్వకంగా నిర్ణయించి ప్రజలకు తెలియజేయడం ఉత్తమం. తప్పుడు చలానుపై ఫిర్యాదు చేసిన పౌరుని దోషిగా కాక, నకిలీ ప్లేటు ఆచూకీ అందించిన సాక్షిగా పరిగణించాలి.

వాహన యజమానులు సైతం నియమానుసారమైన ప్లేట్లను అమర్చుకొని, తమ పేరిట వచ్చిన చలానులోని ఛాయాచిత్రాన్ని పరిశీలించి, తేడా ఉంటే వెంటనే పోలీసుల దృష్టికి తీసుకురావాలి. చోరీకి గురైన వాహనాన్ని వేలాది వాహనాల నడుమ గుర్తించగల శక్తి ఈ కెమెరాకు ఉన్నది. ఆపిన వాహనంలో ఉన్నది నేరస్థుడా, పిల్లలతో బయలుదేరిన ఒక కుటుంబమా అన్న సంగతి మాత్రం దానికి తెలియదు. అది తెలుసుకొనవలసిన బాధ్యత దగ్గరకు వెళ్లి చూసే అధికారిదే.