ఆల్ట్‌గెల్డ్ రాసిన కారణాలు

మేడే సభల్లో మన కార్మిక సంఘాల నాయకులు చికాగో అమరుల్ని తప్పకుండా తలుచుకుంటారు. ఉరికంబమెక్కిన ఆ నలుగురి కథ చాలామందికి తెలుసు. అదే కేసులో జైల్లో మిగిలిన ముగ్గురిని విడిపించిన మనిషి గురించి మాత్రం అంతగా చెప్పుకోం. చెప్పుకోవాల్సిన మనిషి ఆయన.

జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ 1847 డిసెంబరు చివర్లో జర్మనీలో పుట్టాడు. నెలల బిడ్డగా ఉండగానే తల్లిదండ్రులు అమెరికాకు వలసవెళ్లి ఒహాయోలో వ్యవసాయానికి దిగారు. చదువు అంతంతమాత్రం. పదహారేళ్లకే అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. తర్వాత రైలుమార్గం పనుల్లో కూలీ, బడిపంతులు, ప్లీడరు. 1875లో చికాగో చేరి భూముల వ్యాపారంలో బాగా గడించాడు. పేదలే జైళ్లకు మేతవుతున్నారని 1884లో ఒక పుస్తకం రాశాడు. జడ్జీగా పనిచేశాక 1892 ఎన్నికల్లో ఇలినాయ్ గవర్నరుగా గెలిచాడు. అక్కడ గవర్నరంటే మన గవర్నర్లలా నియమిత పదవి కాదు. ప్రజల ఓటుతో గెలిచి రాష్ట్రాన్ని నడిపే అధికారం, మన ముఖ్యమంత్రికి ఉన్నట్టు.

ఇక ఆ కేసు. 1886 మే 4 రాత్రి చికాగోలోని హేమార్కెట్ దగ్గర కార్మికుల సభ ముగుస్తుండగా పోలీసులు వచ్చారు. ఎవరో బాంబు విసిరారు. ఏడుగురు పోలీసులు చనిపోయారు. విసిరిందెవరో చివరికీ తేలలేదు. అయినా ఎనిమిది మంది కార్మిక ఉద్యమకారులకు శిక్ష పడింది. 1887 నవంబరులో నలుగురిని ఉరితీశారు, ఒకరు జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు. ఫీల్డెన్, ష్వాబ్, నీబే మిగిలారు.

ఆ ముగ్గురి మీద దయ చూపండి, ఇప్పటికే చాలా అనుభవించారు అని వేలమంది ఆల్ట్‌గెల్డ్‌కు అర్జీ పెట్టుకున్నారు. దయతో వదిలేసి ఉంటే పెద్ద గొడవే ఉండేది కాదు. ఆయన ఆ దారి పట్టలేదు. నేరం నిజంగా చేసి, విచారణ సక్రమంగా జరిగి ఉంటే నేను కల్పించుకోకూడదు, అసలు విచారణ సక్రమంగా జరిగిందా అన్నదే ప్రశ్న అన్నాడు. రికార్డులు తిరగేశాడు. జ్యూరీ అభ్యర్థుల్ని చీటీ తీసి కాకుండా, కోర్టు నియమించిన ఒక బెయిలిఫ్ తనకు నచ్చినట్టు పిలిపించాడు. ముద్దాయిలు దోషులేనని ముందే అభిప్రాయపడ్డామని ఒప్పుకున్నవాళ్లను కూడా జడ్జి గ్యారీ పనికొస్తారన్నాడు. బాంబు విసిరినవాడెవడో తెలియనప్పుడు, వీళ్ల మాటలు విని విసిరాడని రుజువు చేయడమెలా? 1893 జూన్ 26న ముగ్గురినీ విడుదల చేస్తూ ఇదంతా సుదీర్ఘంగా రాసి బయటపెట్టాడు.

నా దృష్టిలో ఆయన జీవితం మొత్తంలో పెద్ద పని సంతకం కాదు, ఆ కారణాలు. క్షమాభిక్ష అంటే తప్పు ఖైదీదే, మనసు ప్రభుత్వానిది. ఆయన తప్పు న్యాయస్థానం వైపు ఉందన్నాడు. పత్రికలు అందుకే భగ్గుమన్నాయి. ముద్దాయిల్లో ఎక్కువమంది జర్మన్లు కావడంతో, ఆయన పుట్టుకను కూడా ఎత్తిపొడిచాయి.

ఆయన వెనక్కి తగ్గలేదు. కార్ఖానాల్లో పిల్లల పనిని అదుపు చేసే చట్టం ఆ ఏడాదే తెచ్చి, తనిఖీల బాధ్యతను సంఘసంస్కర్త ఫ్లోరెన్స్ కెల్లీకి అప్పగించాడు. 1894లో రైల్వే కార్మికుల పుల్‌మన్ సమ్మెలో అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ తనను అడక్కుండా చికాగోకు సైన్యాన్ని పంపితే, సొంత పార్టీవాడని కూడా చూడకుండా నిరసన తెలిపాడు.

1896 గవర్నరు ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆస్తీ కరిగిపోయింది. చివరికి క్లారెన్స్ డారో లా ఆఫీసులో ప్లీడరుగా చేరి, 1902 మార్చిలో జోలియెట్‌లో, దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లతో పోరాడుతున్న బోయర్ల పక్షాన ప్రసంగించిన కొద్ది గంటలకే కన్నుమూశాడు.