తెలుగు 'కొను' ధాతువు - స్పానిషు సంభావనార్థకమున ఆత్మార్థక క్రియలు

ఆత్మార్థమును దెలుపుటకు తెలుగున 'కొను' ధాతువు అనుప్రయుక్తమగునని విద్యార్థులు తొలినాళ్ళనే నేర్తురు. స్పానిషు భాషలో 'సె' అను సర్వనామము ఇట్టి పనియే చేయును. 1958లో హైదరాబాదున ఆంగ్లభాషాబోధనకై స్థాపితమై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు, విదేశీ భాషల విద్యాసంస్థలో స్పానిషు కూడ బోధింపబడుచున్నది. కావున ఈ రెండు భాషలను పోల్చిచూచు అవసరము మన విద్యార్థులకు కలుగుచునే యున్నది. 'సె' యనగా 'కొను' అను సమీకరణము కొంతదూరమే నడచునని, అది తప్పినచోటనే 'కొను' స్వభావము మనకు స్పష్టపడునని చూపుట ఈ వ్యాసోద్దేశము.

క్రియాఫలము కర్తకే చెందునప్పుడు ఆత్మనేపదమును పాణిని విధించెను. పరులకై వండుట 'పచతి', తనకై వండుకొనుట 'పచతే'. మెదకు జిల్లా కొల్చారమువాడని ప్రసిద్ధిగన్న మల్లినాథసూరి కావ్యవ్యాఖ్యలను జదివినవారికి ఈ విచారము పరిచితమే. సంస్కృతమున ఈ భేదము ప్రత్యయగతము. తెలుగున నట్లు గాదు. 'కొను' అనగా గ్రహించు. అది స్వతంత్రమైన ధాతువు. తమిళమున 'కొళ్', కన్నడమున 'కొళ్ళు' దీనికి సజాతీయములై ఇట్లే వాడబడుచున్నవి. స్పానిషు 'సె' యన్ననో లాటిను సర్వనామమునుండి వచ్చినది. ఒకచోట క్రియ, వేరొకచోట సర్వనామము - ఈ భేదమే తక్కిన భేదములకెల్ల మూలమని మా యభిప్రాయము.

స్పానిషున నిశ్చయమును దెలుపు రూపములు వేరు; కోరిక, సందేహము, ప్రయోజనము మొదలగువానిని దెలుపు రూపములు వేరు. రెండవదానిని ఇచట సంభావనార్థక మందము. కడుగుకొనుట యను నర్థముగల 'లబార్సె' క్రియకు నిశ్చయమున 'మె లాబొ, తె లాబస్, సె లాబ' అని యేకవచన రూపములు. సంభావనమున 'మె లాబె, తె లాబెస్, సె లాబె'. బహువచనమున 'నొస్ లబేమొస్, ఒస్ లబేయిస్, సె లాబెన్'. ఈ గణమున అకారము ఎకారమగును. వస్త్రధారణార్థకమగు 'బెస్తీర్సె' వంటివాటియందు దీనికి విపర్యయము: 'సె బిస్తె' అనునది 'సె బిస్త' యగును. 'లాబె' యను రూపము ఉత్తమ పురుషకును ప్రథమ పురుషకును సమానమే. నేనా, అతడా యను సందేహమును దీర్చునది ముందున్న 'మె', 'సె' లే. అనగా అర్థరీతిని క్రియాంతమునందలి యచ్చు తెలుపగా, పురుషను సర్వనామము స్పష్టము చేయుచున్నది.

తెలుగున సంభావనమునకు ప్రత్యేకమైన రూపావళి లేదు. ఆ పనిని వలెను, గాక, నిమ్ము, నట్లు మొదలగునవి పంచుకొనును. అవి యన్నియు 'కొను' మీదనే చేరును: కడుగుకొనవలెను, కడుగుకొనుగాక, కడుగుకొననిమ్ము, కడుగుకొనునట్లు. స్పానిషున ఆజ్ఞ యందు 'లాబతె' యని సర్వనామము క్రియకు వెనుక చేరును. నిషేధమున 'నొ తె లాబెస్' అని ముందునకు వచ్చును. 'కడుగుకొందము' అనుటకు 'లబేమొనొస్' అనునపుడు క్రియాంత సకారము లోపించును. తెలుగున కడుగుకొనుము, కడుగుకొనకుము, కడుగుకొందము - ఎచటను 'కొను' స్థానము చెదరదు. అది ధాతువగుటయే ఇందుకు కారణము.

పరోక్షముగా నాజ్ఞాపించు వాక్యమును జూతము. 'దీలె కె సె లాబె లాస్ మానొస్' అను వాక్యమునకు 'వానిని చేతులు కడుగుకొమ్మనుము' అని యర్థము. స్పానిషు సంభావన రూపమునకు మారగా, తెలుగు ఆజ్ఞారూపము నట్లే నిలిపి 'అను' ధాతువును జేర్చును. మెదకు జిల్లా నిజాంపేట వంటి పల్లెల వ్యవహారమున 'పండుకోమను', 'పండుకోనియ్యి' యను మాటలు విన్నవారికి దీనిని సులువుగా బోధింపవచ్చును. మొదటిది 'దీలె కె సె అక్వెస్తె', రెండవది 'దేహలె కె సె అక్వెస్తె'. స్పానిషున రెంట నొకే సంభావన రూపము. తెలుగున ఆజ్ఞయు అనుమతియు వేర్వేరు రూపములు. చేతుల ముందు 'తన' యని చెప్పక్కరలేకుండుట మాత్రము ఉభయభాషా సాధారణము.

అన్యోన్యార్థమునను ఇవి కలియును: 'కె సె ఆయూదెన్' అనగా 'ఒకరికొకరు సాయము చేసికొందురుగాక'. తనంత తాను జరుగు పనియందును అట్లే: 'ఒహలా సె ఆబ్ర లా ప్వెర్త' అనగా 'తలుపు తెరచుకొనుగాక'. ఇందలి 'ఒహలా' అరబ్బీనుండి వచ్చినది. దేవుడు తలచినచో నను భావము దాని మూలము. మన ప్రాంతమున వినబడు 'ఇన్షాల్లా' దీనికి దగ్గరి చుట్టము.

ఇక సమీకరణము తప్పుచోట్లు. నేర్చుకొను, అనుకొను అనువానికి స్పానిషున సామాన్యముగా 'అప్రెందేర్', 'పెన్సార్' అని 'సె' లేని క్రియలే. మరియు స్పానిషున 'సె' యున్నచోట తెలుగున పలుమారు 'పోవు' అనుప్రయుక్తమగుచున్నది: 'ఇర్సె' వెళ్ళిపోవు, 'కయేర్సె' పడిపోవు, 'దొర్మీర్సె' నిద్రపోవు, 'మొరీర్సె' చనిపోవు. 'నొ తె కాయిగస్' అనగా 'పడిపోకుము' గాని 'పడుకొనకుము' గాదు. ఇచట ఫలము కర్తకు దక్కుట లేదు. కర్త స్థితి మారుచున్నది. ఈ రెండర్థములను స్పానిషు ఒకే 'సె'తో దెలుపగా, తెలుగు గ్రహించుటను 'కొను'తోను, స్థితి మారుటను 'పోవు'తోను వేరుచేసినది.

కావున ఉపాధ్యాయులు 'సె'కు 'కొను' అని పట్టిక వ్రాయించుటకు మారుగా విద్యార్థిని మూడు ప్రశ్నలడుగుట మేలు: ఫలమెవరిది? కర్త గ్రహించుచున్నాడా, మారుచున్నాడా? చెప్పునది జరిగినదా, కోరబడినదా? వీనికి సమాధానము చెప్పగలవాడు స్పానిషు రూపములందు తడబడుట తగ్గును. అంతకుమించి, ఆత్మనేపదమను సంస్కృత సంజ్ఞతో సరిపుచ్చుకొని మనము చూడక విడిచిన 'కొను', 'పోవు'ల విభాగమును తన భాషయందే కనుగొనును. పరభాషాధ్యయనమున స్వభాషకు గలుగు లాభమిదియే.