స్థిరనివాసం కోసం ఆల్చిప్ప అన్వేషణ

కోస్తా గ్రామాలలో బాల్యం గడిపినవారికి గుల్లసున్నం సుపరిచితమే. చిప్పలు, గుల్లలు ఏరి తెచ్చి, బట్టీలలో కాల్చి, ఆ సున్నాన్ని గోడలకు పూసేవారు, తమలపాకుకూ రాసేవారు. లోపలి ప్రాణి పోయిన తరువాత చిప్పకు అంతకు మించిన ప్రయోజనం లేదనే మనం భావించాము. ఆల్చిప్ప పిల్లల అభిప్రాయం మాత్రం వేరు.

అమెరికా తూర్పు తీరాన మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలలో విస్తరించిన చెసపీక్ అఖాతాన్నే చూద్దాం. వేసవిలో నీరు వెచ్చబడగానే అక్కడి ఆల్చిప్పలు అండాలను, శుక్రకణాలను నీటిలోనికే విడుస్తాయి. ఫలదీకరణం అక్కడే జరిగి, కొన్ని గంటలలోనే ఈదగల డింభకం ఏర్పడుతుంది. రెండు మూడు వారాలపాటు అది ఆటుపోట్ల వెంట సంచరిస్తుంది. దానిని కేవలం నిస్సహాయురాలిగా భావించరాదు. పైకి లేస్తూ, అడుగుకు దిగుతూ, తనను మోసే ప్రవాహాన్ని కొంతవరకు మార్చుకోగలదు.

చివరి దశలో దాని పరిమాణం మిల్లీమీటరులో మూడవ వంతు. అప్పుడు దానికి వెలుతురును గ్రహించే కంటిచుక్కలు, పాకడానికి ఒక పాదం ఏర్పడతాయి. అడుగున దిగి పాదంతో తడుముతూ పాకుతుంది. నచ్చకపోతే మళ్ళీ ఈదుతుంది. నచ్చితే సిమెంటు వంటి పదార్థాన్ని స్రవించి తన ఎడమ చిప్పను అక్కడ అతికించుకొంటుంది. పిమ్మట పాదమూ, కంటిచుక్కలూ అదృశ్యమౌతాయి. ఇక జీవితాంతం కదలిక లేదు. పిల్లనిచ్చే తండ్రి అయినా ఇంతగా విచారిస్తాడో లేదో!

అది వెదకేది ముఖ్యంగా తనవారినే. పెద్ద ఆల్చిప్పలు నీటిలోనికి విడిచే రసాయనాలు, చిప్పలపై పేరుకొన్న సూక్ష్మజీవుల పొర దానిని ఆకర్షిస్తాయి. ధ్వని కూడా తోడ్పడుతుందని 2013లో నార్త్ కరోలినా శాస్త్రజ్ఞులు చూపారు: ఆల్చిప్పల గట్టుపై రొయ్యలు, చేపలు చేసే చిటపటలను వినిపించినపుడు డింభకాలు ఎక్కువగా స్థిరపడ్డాయి. పెద్దలు బ్రతికిన చోట పిల్లలకూ బ్రతుకు ఉంటుంది. అంతేకాక, నీటిలోనే ఫలదీకరణం జరిగే జీవులకు పొరుగువారు లేకపోతే సంతానమే లేదు.

అందుచేతనే చిప్పలు పోవడం పెద్ద విపత్తు అయింది. 1884-85లో ఒక్క మేరీలాండ్‌లోనే సుమారు 1.5 కోట్ల బుషెళ్ళ ఆల్చిప్పలు పట్టారు. ఇనుప గొర్రులతో అడుగును గీకి మాంసంతోపాటు గట్టునే తీసుకుపోయారు. చిప్పలు సున్నానికి, రహదారులకు, కోళ్ళ దాణాకు పోయాయి. మిగిలిన గట్లను ఒండ్రు కప్పింది. బురదలో దిగిన పిల్లకు ఊపిరాడదు. తరువాత వ్యాధులు కూడా తోడయ్యాయి. అనుకూల పరిస్థితులలో ఒక్క ఆల్చిప్ప రోజుకు 50 గ్యాలన్ల వరకు నీటిని వడకట్టగలదంటే, ఆ అఖాతం ఏమి కోల్పోయిందో ఊహించవచ్చు.

ఇప్పుడు మేరీలాండ్‌లోని హార్న్ పాయింట్ ప్రయోగశాలలో డింభకాలను పెంచి, పాత చిప్పలు నింపిన తొట్లలో వదులుతున్నారు. అవి అంటుకొన్నాక చిప్పలతో సహా అఖాతంలో దింపుతారు. హారిస్ క్రీక్ అనే పాయలో సుమారు 350 ఎకరాల గట్లను ఈ విధంగా పునరుద్ధరించే పని 2015లో పూర్తయింది. అయితే పిల్లలకంటె చిప్పలకే కొరత. కనుక హోటళ్ళలో అతిథులు తిని వదలిన చిప్పలను సేకరించి, నెలల తరబడి ఎండకు వానకు ఆరుబయట ఉంచి, శుభ్రపరచి, మళ్ళీ ఆ తొట్లకు చేరుస్తున్నారు.